నింపే గదిలో షాహీనా మేడం

బాల్కనీలో ఆరీ ఆరని తువ్వాలు వాసన తగిలితే చాలు, నాకు షాహీనా మేడం గుర్తొస్తారు. ఆవిడది కడప. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో మా జిగురు ఫ్యాక్టరీ ల్యాబ్‌కు పెద్ద. నేను ఆవిడ కింద లేబుళ్ళు, ఎగుమతి కాగితాలు చూసేవాణ్ణి. ఆవిడకు కోపం ముక్కుమీదే ఉండేది. ఆ కోపం ఎవరిమీదో తెలుసుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మా సరుకు ఎక్కువగా ఐరోపాకు పోయేది. అక్కడ రసాయనాల చట్టం అన్ని దేశాలకూ ఒకటే, తనిఖీ మాత్రం ఏ దేశం వాళ్ళది వాళ్ళదే. ఒకచోట చూసీచూడనట్టు వదిలేసిన తప్పుకు పక్క దేశం రేవులో సరుకు ఆపేస్తారు. కరోనా తగ్గాక కొత్త నిబంధన ఒకటి వచ్చింది. జిగురును గట్టిపరిచే మా రసాయనాన్ని పనిలో వాడేవాళ్ళకు ముందుగా శిక్షణ ఉండాలి, ఆ మాట డ్రమ్ము మీద రాయాలి. ఒక్క వాక్యమే కదా అని నేను ఉత్సాహంగా అచ్చు వేయించి తెచ్చాను. మేడం చదివి తలెత్తారు.

"ఆడ మూత తీసేవాడికి శిక్షణ కావాలంట. ఈడ నింపేవాడికి ఏం కావాలప్పా?"

"ఆ రూలు ఇక్కడికి రాదు కదా మేడం."

"రూలు రాలేదు. విషం వచ్చిందే!"

ఆ వారమే గోదాములో ఒక డ్రమ్ము పొట్టలా ఉబ్బింది. కారణం వెతుక్కుంటూ మేడం డ్రమ్ముల్లోకి రసాయనం నింపే గదికి వెళ్ళారు, వెనకాలే నేను. జగిత్యాల నుంచి వచ్చిన కార్మికుడు మల్లయ్య ముఖానికి తడి తువ్వాలు చుట్టుకుని డ్రమ్ము మీదికి వంగి ఉన్నాడు. తువ్వాలు అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. మిగతావాళ్ళదీ అదే వేషం. అందరూ ఒకప్పుడు సోనాపూర్ కూలీల క్యాంపుల్లో ఉండి బిల్డింగు పనులు చేసినవాళ్ళే.

"సిమెంటు పనిల గిట్లనే కట్టుకునేటోళ్ళం మేడం. దుమ్ము లోపల్కి పోదు" అన్నాడు మల్లయ్య, దగ్గు ఆపుకుంటూ.

సిమెంటు దుమ్ముకు అది మంచి ఉపాయమే. ఈ ఆవిరిని మాత్రం తడిబట్ట ఆపదు. పైగా నీటిచుక్క లోపల పడితే గ్యాసు పుట్టి డ్రమ్ము ఉబ్బుతుంది.

"ఆ దగ్గు ఎన్నాళ్ళనుంచి?"

"ఏం లేదు మేడం, ఏసీ పడ్తలేదు" అని నావైపు బతిమాలుతున్నట్టు చూశాడు. దగ్గు బయటపడితే వీసా పోతుందని అతని భయం.

మేడం వెళ్ళి ఉన్నదంతా మేనేజరుకు చెప్పారు; ఆయన్ని అందరం అరబ్బీలో ముదీర్ అనేవాళ్ళం. ఆయన తీర్పు చెప్పడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. "తువ్వాళ్ళు బంద్. దగ్గేవాణ్ణి ఇంటికి పంపండి. ఖలాస్."

"సరైన మాస్కులు, గాలి లాగే ఫ్యాన్లు, వాళ్ళ భాషలో శిక్షణ. అవి వచ్చినాకే సరుకు మీద నా సంతకం. మల్లయ్య ఈడనే ఉంటాడు, వేరే పనిలో" అన్నారు మేడం. ఆవిడ సంతకం లేనిదే సరుకు ఓడ ఎక్కదు.

"ఐరోపావాళ్ళు అడిగారా?"

"లేదు. నేను అడుగుతుండా."

మా సరుకు లేకుండానే ఓడ వెళ్ళిపోయింది. ఆవిడ ఉద్యోగంతోపాటు నాదీ పోతుందని భయపడ్డాను. మనసులో ఆవిడను తిట్టుకున్నాను కూడా. చివరికి ముదీర్ దిగివచ్చాడు. మాస్కులొచ్చాయి. మేడమే తెలుగులో, హిందీలో పాఠం చెప్పారు. మల్లయ్య గేటు పక్క స్టోరుకు మారాడు. అయితే డాక్టరు చెప్పిన మాట వేరు. ఈ రసాయనం ఒకసారి ఊపిరితిత్తులకు పడకుండా పోయాక ఆ ఆవిరి కొంచెం తగిలినా ప్రమాదమేనట. అందరం మేడంను మెచ్చుకుంటుంటే ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "అక్కడోళ్ళు రూలు రాసేదాకా నేను ఈ గదిలోకి ఎందుకు రాలేదప్పా?" అన్నారు.

మేడం రిటైరై కడప వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ సంతకం నాది. ఐరోపా నుంచి ఏ కొత్త నిబంధన వచ్చినా లేబుల్ కంటే ముందు నింపే గదికి వెళ్తాను. అందులో నా గొప్పేమీ లేదు, వెళ్ళకపోతే నిద్రపట్టదు. మల్లయ్య ఆ గది దరిదాపులకు రాలేడు. పొద్దున్నే స్టోరు ముందు నిలబడి, నేను బయటికి రాగానే దూరం నుంచే కేకేస్తాడు.

"సారూ, అందరు మాస్కులు పెట్టుకున్నరా?"

చూడకుండా అతనికి జవాబు చెప్పడం నావల్ల కాదు.