పాత లారీకి పవర్ స్టీరింగు

మా అన్న భుజం ఉద్యమంలో విరిగింది. ఆ మాట చెబితే జనం చేతులు జోడించేవాళ్లు. ఒకరిద్దరు మెడలో కండువా కూడా కప్పారు. ఈ భుజంతో లారీ ఎట్లా తోలుతావని మాత్రం కండువా కప్పినవాళ్లలో ఒక్కడూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

జనగామ దగ్గర రాస్తారోకో నాడు మా లారీనే రోడ్డుకు అడ్డం పెట్టారు. అన్న పైకెక్కి నిలబడి నినాదాలిస్తున్నాడు. తోపులాట మొదలై జనం చెల్లాచెదురయ్యేసరికి, పైనుంచి దూకి కుడి భుజం మీద పడ్డాడు. ఎముక అతుక్కుంది కానీ ఆ చేతికి మునుపటి బలం రాలేదు.

మాది పాలకుర్తి దగ్గర పల్లె. ఇంట్లో అన్న, వదిన, నేను, నాయిన మాకు వదిలిపోయిన లారీ. ఆ లారీ స్టీరింగు తిప్పాలంటే ఒంటి బరువంతా వేసి లాగాలి. మీసాలు రాకముందు నుంచి అన్న దాన్ని లొంగదీసి తోలాడు, భూపాలపల్లి నుంచి బొగ్గు తెచ్చాడు. ఇప్పుడు ఎక్కి కూర్చుంటే చక్రం కాస్త కదిలేలోపే ముఖమంతా చెమట పట్టేది. బండి నా చేతికి వచ్చింది. మొదట్లో అన్న ఇంటి ముందు మంచం మీద కూర్చుని, నేను గేరు మార్చే చప్పుడు విని తిట్టేవాడు. తర్వాత తిట్టడం మానేశాడు, అన్నం సగంలోనే వదిలి లేవడం మొదలుపెట్టాడు. తిట్టడం మానేసిన అన్నను చూస్తే నాకు భయం వేసింది.

వదిన ఒకనాడు నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, గీ మనిషి మళ్ల బండెక్కకపోతె నాకు దక్కడు. ఏదన్న జెయ్యి" అంది.

దారి చూపించింది తొర్రూరు మేస్త్రి. ఆయన షెడ్డులో, యాక్సిడెంటయిన కొత్త రకం లారీ ఒకటి పడి ఉంది. దాని వెనక భాగమంతా నుజ్జయింది కానీ పవర్ స్టీరింగుకు ఏమీ కాలేదు. "గది ఊడదీసి మీ ముసలిదానికి పెడ్త" అన్నాడు మేస్త్రి.

అన్నంత సులువుగా కాలేదు. కొత్త స్టీరింగు బాక్సు బోల్టులు మా ఛాసీ రంధ్రాలకు కుదరలేదు. మందపాటి ఇనుప పలక కోసి, దానికి రంధ్రాలు వేసి, దాని మీద బాక్సును కూర్చోబెట్టాడు. చక్రానికి పోయే రాడ్డు పొట్టిదైంది, ఇంకోటి వెతికి తెచ్చాం. ఇంజను పక్కన ఆయిల్ పంపు బిగించి బెల్టు తగిలించాడు. పైపులు కారాయి, విప్పి మళ్లీ బిగించాడు. చివరికి ముందు చక్రాలను జాకీల మీద లేపి, పైపుల్లో గాలి పోయేదాకా స్టీరింగును అటూ ఇటూ తిప్పించాడు. మధ్యమధ్య బంద్‌లు, ఆ రోజుల్లో ఒక్క బోల్టు కొనాలన్నా దుకాణం తెరిచి ఉండదు. షెడ్డు ముందు నుంచి ఊరేగింపు పోతే మేస్త్రి పానా కింద పెట్టి, నాలుగు నినాదాలిచ్చి తీరిగ్గా వచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. "పోనియ్‌రా, రాష్ట్రం వచ్చేలోపు బిగిస్తడు తియ్" అని అన్న నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

పని అయిపోయిన నాడు మేస్త్రి తన బ్యాటరీ, తన దగ్గరున్న సెల్ఫ్ మోటారు తాత్కాలికంగా పెట్టి బండి స్టార్టు చేశాడు. అన్న ఎక్కి ఒక్క చేత్తో స్టీరింగు తిప్పాడు. అది వెన్నలో వేలు పెట్టినట్టు తిరిగింది. మా అన్న పదిమంది చూస్తుండగా ఏడ్చాడు.

మేస్త్రి కిటికీ దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఒక్క మాట ఇను. ఇంజిన్ నడిస్తెనే గిది అల్కగ తిరుగుతది. ఇంజిన్ బందయిందా, పాతదానికన్న మొండిగైతది. జర నీ సెల్ఫ్ గూడ చేపిచ్చుకో" అన్నాడు. తాళం తిప్పగానే ఇంజనును లేపే మోటారే సెల్ఫ్. మా బండిది ఎప్పుడో చచ్చింది.

"ఒక్క ట్రిప్పు ఎయ్యనియ్ మేస్త్రి, అయినంక చేపిస్త" అన్నాడు అన్న. మేస్త్రి తన మోటారు విప్పుకున్నాడు. ఇంజను ఆపకుండా అన్నే ఇంటిదాకా తోలుకొచ్చాడు, దారి పొడవునా పాటలే.

సెల్ఫ్ చచ్చిన బండి ఉన్నవాళ్లు దాన్ని ఎప్పుడూ వాలు మీదే ఆపుతారు. మా ఇల్లు గడ్డ మీద ఉంటుంది. ఇంటి ముందు బాట కిందికి జారి, కుడికి తిరిగి రోడ్డెక్కుతుంది. భుజం విరగకముందు, పొద్దున అన్న గేరులో వేసి, క్లచ్ తొక్కి కూర్చునేవాడు. నేను చక్రం కింది రాయి తీసి వెనక నుంచి నెట్టేవాణ్ని. బండి జారి ఊపందుకున్నాక క్లచ్ వదిలితే ఇంజను లేచేది. ఒక్కోసారి మలుపు తిరిగాకే లేచేది. ఇంజను నడిస్తేనే బ్రేకుకు గాలి నిండుతుంది, ఆ జారుడులో అదీ చాలదు. అందుకని వదిన ముందే పోయి మలుపు దగ్గర ఎడమ గోడకు ఆనుకుని నిలబడేది. బాట మీద మేకలో పిల్లలో లేరని చూసి చెయ్యి ఎత్తేది. బండి కుడికి తిరుగుతుంది కాబట్టి ఎడమ గోడ దగ్గర భయం లేదు. నాయిన బతికున్నప్పుడు అక్కడ మమ్మల్ని కన్న అవ్వ నిలబడేది.

మర్నాడు పొద్దున అన్న ఉతికిన అంగీ వేసుకున్నాడు. వదిన బండికి పసుపు కుంకుమ పెట్టి, టైరు కింద నిమ్మకాయ పెట్టి, నవ్వుకుంటూ మలుపు దగ్గరికి పోయి చెయ్యి ఎత్తింది. నేను రాయి తీసి నెట్టాను. బండి జారింది. క్లచ్ వదిలాడు, ఇంజను దగ్గి ఊరుకుంది. ఆ తర్వాత నాకు వినబడింది అన్న కేక. సీట్లోంచి లేచి నిలబడి స్టీరింగు లాగుతున్నాడట. ఇంజను లేవందే ఆ భుజంతో అది కదల్లేదు, బండి కుడికి తిరగలేదు. నేను పరుగెత్తి ముందుకు పోయేసరికి గోడకూ బంపరుకూ మధ్య వదిన కాలు ఉంది.

పక్కింటివాళ్ల ట్రాక్టరులో దవాఖానకు తీసుకుపోయాం. మోకాలి పైదాకా తీసేశారు.

పాత బండికి కొత్త సోకులెందుకని ఊళ్లో అన్నారు. అట్లా కూసినవాళ్ల దవడ పగలగొట్టాలనిపించింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, అప్పుడు చేయించాం సెల్ఫ్. మానుకోటకు వడ్ల లోడు నేనే కొట్టాను. అన్న వదినకు నీళ్లు తోడాడు, వంట చేశాడు, ఆమెను ఎత్తుకుని బయటికీ లోపలికీ మోశాడు. లారీ నిలబడ్డ వైపు చూసేవాడు కాదు.

రాష్ట్రం వచ్చిందన్న రోజు ఊరి పోరగాళ్లు డప్పులతో వచ్చారు. ఊరేగింపుకు మా లారీ కావాలి, అన్నే తోలాలి. "భుజమిచ్చినోనివి, నువ్వు తోలకుంటె ఇంకెవలు తోల్తరే?" అన్నారు. అన్న కదల్లేదు. వదిన చంక కర్రతో గడప దాటి వచ్చి, నన్ను పట్టుకోమని, ఎట్లాగో ఎగబాకి కేబిన్‌లో కూర్చుంది.

"ఇగో, నా పక్కన ఎక్కు. నన్ను గుద్దింది బండి, నువ్వు గాదు" అంది.

అన్న ఎక్కాడు. తాళం తిప్పితే ఇంజను వెంటనే లేచింది. పోరగాళ్లు ఈలలు వేశారు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టాడు. వేలితో తిరిగే స్టీరింగు అది, ఇప్పుడు భుజంతో పనే లేదు. చేతులు వెనక్కి తీసుకుని వాటివైపు చూసుకున్నాడు.

"బండికి చేతులుంటయానే?" అన్నాడు వదినతో. "చేతులు నాయే గద." దిగిపోయాడు.

వదిన దిగలేదు. నేను ఎక్కి బండి కదిలించాను. వెనక జై కొట్టే గొంతులు మిన్నంటుతున్నాయి. ఊరి చివరికి వచ్చాక వదిన పక్క అద్దంలో వెనక్కి చూసింది.

"జర మెల్లగ తోలు తమ్మీ. ఆయన నడిసొస్తున్నడు."