చిలకల చీర

నా చిన్నప్పుడు నాకున్నంత కుళ్ళు రాయదుర్గం మొత్తంలో ఇంకెవరికీ ఉండేది కాదేమో. ఆ కుళ్ళంతా మా పక్క పోర్షన్‌లో కిరాయికి దిగిన అక్క మీదే. వాళ్ళాయన కొత్తగా లేచిన అద్దాల ఆఫీసులో పనిచేసేవాడు. వాళ్ళది కోస్తా. ఆమె నిండు గర్భిణి. రోజంతా గడప దగ్గర కూర్చుని ఏదో కుట్టుకుంటూ ఉండేది. మా నాయనమ్మ పొద్దున్నే పని ముగించుకుని వెళ్ళి ఆమె పక్కన చేరేది. ఆమె రాకముందు నాయనమ్మ నాకొక్కదానికే సొంతం.

పుట్టిన బిడ్డను కొత్త బట్టలో వేయకూడదని, ఇంటి పెద్దామె కట్టి కట్టి మెత్తబడిన చీరలోనే పడుకోబెట్టాలని మా నాయనమ్మ నమ్మకం. ఒకరోజు పెట్టెలోంచి తన ఆకుపచ్చ చిలకల నూలు చీర తీసి ఆ అక్కకు ఇచ్చేసింది. నాకిస్తానన్న చీర అది! నేను నేలమీద పడి ఏడ్చాను.

"ఏడ్వకు బిడ్డా. ఆ పోరికి అమ్మ లేదు. నేనియ్యకుంటే ఇంకెవరిస్తరు?" అంది నాయనమ్మ.

నాకు అమ్మ ఉందన్న సంగతి ఆ క్షణాన నాకేమీ ఊరటగా అనిపించలేదు.

అక్క ఆ చీరతో పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టడం మొదలుపెట్టింది. దాన్ని ఎక్కడ పాడుచేస్తుందోనని గోడ పక్కన నిలబడి చూసేదాన్ని. వాళ్ళాయన తెచ్చిన, అంచున బెజ్జాలున్న పాత కంప్యూటర్ కాగితాలను ఆమె ఆరు మూలల ముక్కలుగా కత్తిరించేది. ఒక్కో కాగితం మీద చీర ముక్కను మడిచి పైపైన టాకాలు వేసేది. కాగితానికి సూది తగలకుండా అంచుకు అంచు కలిపి కుట్టి, చివర్లో టాకాలు విప్పి ఆ కాగితాలను లాగేసేది. బొంత అంటే పొరల మీద పొరలేసి కుట్టడమే తెలిసిన నాయనమ్మ, "కాగితాలతోని బొంతేంది తల్లీ!" అని నవ్వేది. ఆ నవ్వు కూడా నాకు కంటగింపే.

"ఏమ్మా, అక్కడే నిలబడతావేం? ఇలా రా. నాకు వంగడం కావట్లేదు. చిలకల్ని నువ్వు వెతికి పెట్టవా?" అని ఒకరోజు అక్కే పిలిచింది.

నా చేతికి ఒక అట్టముక్క ఇచ్చింది. దాని నడుమ ఆరు మూలల కిటికీ ఉంది. చీర మీద దాన్ని జరుపుతూ చూడమంది. ఒకచోట ముక్కు, ఒకచోట తోక, ఒకచోట ఉట్టి రెక్క. చిలక మొత్తం కిటికీలో పట్టిన చోటల్లా నేను చూపిస్తే అక్క కత్తిరించింది. ముక్కులన్నీ లోపలికి తిరిగేలా ఆరు ముక్కలు పేరిస్తే ఎర్రటి పువ్వయింది. వాటినే తిప్పి తోకలు లోపలికి పెడితే పచ్చటి చుక్కయింది. నేను అన్నం మాట మరిచిపోయాను. నాయనమ్మ వంగి చూసి, "గిది నా చీరేనా?" అంది.

"నడుమ ముక్క మాత్రం నీ గౌనుది వేద్దామా?" అంది అక్క.

నేను ఒక్క పరుగున పోయి, పొట్టయిపోయిన నా పసుపు గౌను తెచ్చాను. చుట్టూ నాయనమ్మ చీర, మధ్యలో నేను.

దాంతో నా కుళ్ళు పోయిందని చెప్పను. పాప పుట్టి నాయనమ్మ ఒడిలోకి చేరగానే మళ్ళీ మొదలైంది. కానీ ఆ పాపను పడుకోబెట్టినప్పుడల్లా బొంత సర్దే పని నాదే అయింది.

ఇన్నేళ్ళొచ్చినా కుళ్ళు పుట్టడం మానలేదు. కాకపోతే ఇప్పుడు గోడ పక్కన నిలబడను. ఎవరి మీద పుట్టిందో వాళ్ళ పక్కనే పోయి కూర్చుని, నాకూ ఏదైనా పని చెప్పమంటాను.