యారాలి మిద్దె మీది సోలారు

మా యారాలి మిద్దె మీదికి సోలారు పలకలు ఎక్కిన రోజు నేను అన్నం తినలేదు. ఆకలి లేదని చెప్పాను. అబద్ధం. కడుపు నిండా మంటే ఉంటే అన్నానికి చోటెక్కడిది? యారాలంటే మా మరిది భార్య. కోడేరులో ఒకే ఇంటిని అన్నదమ్ములు రెండుగా పంచుకున్నారు. నడుమ ఒక గోడ. ఆ గోడ మీదుగా కూరగిన్నెలూ దాటుతాయి, ఎత్తిపొడుపులూ దాటుతాయి.

అసలు ఆ సోలారు కబురు ఇంటికి మోసుకొచ్చింది నేనే. నాగర్‌కర్నూల్‌లో ఒక దుకాణం ముందు నిలబడి అన్నీ అడిగి తెలుసుకొని వచ్చాను. మిద్దె మీద పలకలు పెట్టుకుంటే సర్కారు సబ్సిడీ ఇస్తుంది, వాడుకోగా మిగిలిన కరెంటు లైనులోకి పోయి మన లెక్కలో జమ అవుతుంది. మా ఆయన అంతా విన్నాడు. అయితే మా మీటరు ఇంకా మా మామ పేరు మీదే ఉంది. ఆయన పోయి ఏళ్ళు గడిచాయి. సబ్సిడీ కావాలంటే మీటరు బతికున్న మనిషి పేరు మీద ఉండాలన్నారు దుకాణంవాళ్ళు.

"పేరు మార్పించుకోరాదు?" అన్నాను.

"పొలం మీద మా నాయిన పేరు తీసేసిన్రు. రేషన్ కార్డుల తీసేసిన్రు. ఇంగ గా కరెంటు బిల్లు మీదనే నెలనెలా కనిపిస్తుండు. గది గూడ పీకెయ్యమంటవా?"

వెళ్ళి గిన్నెలు గట్టిగా తోమాను.

మరిదికి ఆ బాధ లేదు. పంపకాలప్పుడు పాత మీటరు పెద్దకొడుకుగా మా ఆయన పట్టుబట్టి తీసుకుంటే, అతను తన పేరున కొత్తది వేయించుకున్నాడు. నేను తెచ్చిన కబురుతో వాళ్ళు పలకలు ఎక్కించుకున్నారు. సబ్సిడీ ఖాతాలో పడగానే యారాలు నాకు మైసూర్‌పాక్ తెచ్చిపెట్టింది. నోట్లో వేసుకుంటే వేపాకు నమిలినట్టే ఉంది.

అంతటితో ఆగిందా? ఆ వెంటనే కరెంటు స్కూటీ వచ్చింది. "దీనికి రిజిస్ట్రేషన్ పన్ను గూడ మాఫంట అక్కా! పెట్రోలు లేదు, బిల్లు లేదు. వనపర్తి పోయొచ్చినా ఎండ ఖర్చే!" అని కిలకిలా నవ్వింది. పగలంతా స్కూటీ వాకిట్లో వైరు తగిలించుకుని పడుకునేది. లోపల ఏసీ. ఇటు నేనేమో, సర్కారు ఇచ్చే రెండొందల యూనిట్ల ఫ్రీ కరెంటు గీత దాటితే ఎక్కడ బిల్లు మీద పడుతుందోనని మిట్టమధ్యాహ్నం కూలరు కట్టేసి విసనకర్ర పట్టుకునేదాన్ని. ఎండ ఇద్దరి మిద్దెల మీదా ఒక్కతీరే కాసేది. నన్ను మాత్రం కాల్చేది.

పని ఉన్నా లేకున్నా మా మిద్దె ఎక్కి ఆ పలకల వైపు చూసేదాన్ని. కండ్లల్లో నిప్పులు పోసుకున్నాననుకోండి. యారాలు మాత్రం తక్కువ తిన్నదా? పలకలకు ముందు, వీధి వైపు ఒక గుంజ పాతించి, మరిది పాత అంగీలో వరిగడ్డి కుక్కించి, నల్లకుండ తలకాయతో ఇంత దిష్టిబొమ్మను నిలబెట్టింది.

దసరా దాటాక వాళ్ళ కరెంటు తగ్గడం మొదలైంది. ఏ రోజు ఎంత కరెంటు పుట్టిందో మరిది ఫోన్లో చూసుకుని తల పట్టుకునేవాడు. దుకాణానికి ఫోన్ చేస్తే దుమ్ము కడగమన్నారు. కడిగారు. అయినా రోజురోజుకీ తగ్గుతూనే ఉంది. ఒకనాడు నల్లా దగ్గర యారాలు నా ముఖం మీదే అనేసింది.

"నరుని కంటికి నల్లరాయైనా పగుల్తది అంటరు. ఇగ అద్దం పలకలెంత అక్కా?"

పోట్లాడేదాన్నే. కానీ ఆ మాట నిజమేమోనని నాకే అనుమానం పుట్టింది. అంతలా చూశాను మరి!

అప్పటికి కాన్పుకొచ్చిన వాళ్ళ కూతురు, చంటిపాపతో ఇక్కడే ఉంది. ఆ పాపకు నూనె రాసి, కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది నేనే. నాకు పిల్లలు లేరు. ఆ కాసేపూ నేనూ బాలింతల ఇంటిదాన్నే. నల్లా దగ్గర ఆ మాట అయిన మర్నాడు నూనెగిన్నెతో వెళితే యారాలు గడపలోనే నిలబడింది.

"పండుకున్నది అక్కా. మేమే పోసుకుంటంలే ఇగ."

లోపల పాప కేరింతలు కొడుతూనే ఉంది. నూనెగిన్నె పట్టుకుని తిరిగొచ్చాను. ఆ రోజు ఉప్పూ మిరపకాయలూ తీసుకుని నాకు నేనే దిష్టి తీసుకున్నాను. ఎవరి దిష్టి? నాదే!

కొన్నాళ్ళకు మిద్దె మీద కందులు ఆరబోస్తూ అటు చూద్దునా, దిష్టిబొమ్మ నీడ పొడుగ్గా పలకల మీద పడుకుని ఉంది. ఎండాకాలంలో బొమ్మ కాళ్ళ దగ్గరే ఉన్న నీడ, ఇప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలేసరికి చేతులు చాచి పలకలను కమ్మేసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి జరుగుతూనే ఉంది. నా కన్ను కాదురా దేవుడా, అనుకుని మిద్దె మీదే కూలబడి నవ్వాను.

వెంటనే చెప్పానా? లేదు. నన్ను అన్నందుకు ఇంకొన్నాళ్ళు ఏడవనీ అనుకున్నాను. కానీ గోడ అవతల పాప ఏడుపు వినబడ్డప్పుడల్లా నా చేతులు ఊరుకోలేదు. చివరికి ఒక పొద్దున గోడ మీది నుంచి కేకేశాను.

"ఓసి నీ తెలివి తెల్లార! ఇట్ల రా, మా మిద్దె ఎక్కి చూడు. నీ కరెంటు తింటున్నది నేనా, నువ్వు నిలబెట్టిన బొమ్మనా?"

యారాలు ఎక్కింది. చూసింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, "గిట్లయితదని మాకేం తెల్సు అక్కా," అని దిగిపోయింది. మధ్యాహ్నానికల్లా మరిది గుంజ పీకేశాడు. ఆ మర్నాడు ఎండకు కరెంటు మళ్ళీ నిండుగా వచ్చిందట.

ఆ సాయంత్రం యారాలు తనంతట తానే పాపను ఎత్తుకొచ్చి, వాకిట్లో కూర్చున్న నా ఒళ్ళో పెట్టింది. "రేపు నువ్వే నీళ్ళు పొయ్యి అక్కా," అంది. పాప చెంపను నా చెంపకు ఆనించుకున్నాను. తడిగా, జిడ్డుగా ఏదో తగిలింది. చూస్తే పాప బుగ్గ మీద రూపాయి బిళ్ళంత కాటుక చుక్క. నా దగ్గరికి తెచ్చే ముందే పెట్టినట్టుంది, ఇంకా ఆరలేదు.

కోపం నషాళానికెక్కింది. తలెత్తి యారాలిని కడిగేద్దామనుకున్నాను. అయితే తలెత్తగానే నా చూపు ఆమె మీద ఆగలేదు. ఆమె భుజం మీదుగా పోయి, వాళ్ళ మిద్దె మీద పలకలు తళతళలాడుతుంటే అక్కడే నిలిచిపోయింది. ఆ కాటుక చుక్క చెరిగిపోకుండా పాపను ఇంకాస్త దగ్గరికి హత్తుకున్నాను.