చిలకలు లేవని వాక్యం

పోయిన నెల ఒక పొద్దున బనగానపల్లె నుంచి ఫోన్ వచ్చింది. పెదనాయన పోయాడు. మామిడికాయలు పక్వానికొచ్చే రోజులు. ఆ రోజుల్లో ఆయన్ని ఇంట్లో వెతకడం దండగ, ఇంటెనకే ఉన్న తోటలో ఉంటాడు. ఫోన్ పెట్టేశాక కూడా నాకు చెట్ల కింద, నులకమంచం మీదే కనిపించాడు.

మీలో చాలామంది ఆయన కథలు చదివే ఉంటారు. ఆ పొట్టి వాక్యాలు, మధ్యమధ్య ఎవరినో కేకేసినట్టుండే ఆ మాటలు ఎక్కడివని అందరికీ ఆశ్చర్యమే. పరిశోధన చేసే పిల్లలు కర్నూలు నుంచి వచ్చి, ఏ రచయితల ప్రభావమని అడిగేవాళ్లు.

"చిలకలదేనప్పా," అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

నిజంగా చిలకలదే. చిన్నప్పుడు తోట కాపలా ఆయనది. అందరూ డబ్బా వాయించి చిలకల్ని తోలితే, ఈయన పుస్తకం పట్టుకుని గొంతెత్తి చదివేవాడు. పెద్దయ్యాకా అంతే. ఎంత గొప్ప పుస్తకమైనా చెట్టు కింద అరిచి చదవాల్సిందే. మధ్యాహ్నపు నిద్రలో మాకు ఆ గొంతు ఎక్కడో వాన పడుతున్నట్టు వినిపించేది. తాను రాసిందీ అక్కడే చదివి చూసుకునేవాడు.

"చదివితే చిలక లేసి ఎగరకుంటే ఆ వాక్యంలో సత్తువ లేదు పాపా. కొట్టేయాల్సిందే."

గొంతుకు ఆపరేషనై మాట పోయాక రాయడమూ ఆగింది. చెవిన పడనిది ఆయన రాయలేడు. కథ ఒకటి సగంలో ఉండిపోయింది. పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది.

"నువ్వన్నా వచ్చి సదువు పాపా. మనిషి శానా దిగులుగా ఉండాడు."

నాది పీలగొంతు. ఆడపిల్లవి, మెల్లగా మాట్లాడమని అణిచి పెంచిన గొంతు. నేను చదివితే ఒక్క చిలకా కదల్లేదు. ఆయన పెన్సిల్ తీసి వాక్యం తర్వాత వాక్యం కొట్టేస్తున్నాడు. బంగారంలాంటి వాక్యాలు. నా ప్రాణం ఉసూరుమంది.

"తప్పు నీ రాతది కాదు పెదనాయనా, నా గొంతుది!" అని అరిచేశాను.

చెట్టంతా రెక్కల చప్పుడు. ఆయన భుజాలు కదిలేలా, శబ్దం లేకుండా నవ్వాడు. మళ్లీ మొదటి నుంచి చదవమని సైగ చేశాడు. ఆ వేసవిలోనే కథ పూర్తయింది. ఇప్పుడు కాలేజీలో నా పాఠం చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. అది ఆయన పెట్టిన భిక్షే.

నిన్న ఈ స్మృతివ్యాసం రాసుకుని తోటకెళ్లాను. పెద్దమ్మ పెరటి గడప మీద కూర్చుంది. మహానుభావుడు, సాహితీ శిఖరం అంటూ మొదలుపెట్టిన పేరా గట్టిగా చదివాను. చిలకలు తమ మానాన తాము కాయలు కొరుక్కుంటున్నాయి. కొట్టేశాను. తర్వాతి పేరా కూడా పోయింది. ఇక ఏం చదవాలో తోచలేదు. ఏడుపొచ్చింది. కాగితం మడిచి పైకి చూశాను.

"పెదనాయనా! కాయలన్నీ కొరికేస్తాండాయి. యాడుండావు?"

గుంపంతా ఒక్కసారిగా లేచింది.

"ఆ మాట ఉండనీ పాపా," అంది పెద్దమ్మ.

పచ్చటి గుంపు తోట మీద ఒక చుట్టు తిరిగి ఎండలో కలిసిపోయింది. సగం కొరికిన కాయ ఒకటి ఖాళీ నులకమంచం మీద రాలిపడింది. పైన కొమ్మలు చాలాసేపు ఊగుతూనే ఉన్నాయి.