మా పెద్దమ్మ మెస్‌లో తీసిన మొదటి సీన్

మా పెద్దమ్మ పోయింది. మొన్న పొద్దున ములకలపల్లి నుంచి ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పింది. భూస్థాపనకు ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లలో సగంమంది మొహాలు చూస్తే నాకు ఒళ్లు మండింది. అద్దంలో నా మొహం చూసుకున్నా అంతే మండుతుంది.

ఆవిడ బస్టాండు పక్కన ఏళ్ల తరబడి మెస్ నడిపింది. టీచర్లు, ఫారెస్టు ఉద్యోగులు, లారీ డ్రైవర్లు అక్కడే తినేవాళ్లు. కంచం ఖాళీ అవుతుంటే చాలు, పక్కకొచ్చి నిలబడి "ఇంకొంచెం పెట్టనా బిడ్డా?" అనేది. వద్దంటే వినేది కాదు. "నోరు వద్దంటది, కడుపు అవ్ అంటది. నేను కడుపు మాటే ఇంట" అనేది. చదువుకునే రోజుల్లో నన్ను సాకింది కూడా ఆ చెయ్యే.

నేను క్రైమ్ సినిమా తీసినప్పుడు మొదటి సీన్ ఆ మెస్‌లోనే పెట్టాను. నటన తనకేం తెలుసని ఆవిడ నవ్వితే, రోజూ చేసేదే చెయ్యమన్నాను. సీన్లో మిట్టమధ్యాహ్నం ఒకతను ఒక్కడే కూర్చుని తింటుంటాడు. ముసలావిడ ఈగలు తోలుతూ, ఇంకొంచెం పెట్టనా బిడ్డా అని రెండుసార్లు అడుగుతుంది. అతను ఊఁ అంటాడు. మూడోసారి జవాబు రాదు. తల వాలి కంచంలో పడుతుంది. ఆవిడ ఇంకో గరిటె వడ్డించి, చేతులు కడుక్కుంటుంది. ఖమ్మం థియేటర్లో ఒక్కడూ దగ్గలేదు. అందరూ నన్ను మెచ్చుకుంటే పొంగిపోయాను. అవే గిన్నెలు, అదే గోడ, ఆవిడ సొంత మాట! బుద్ధున్నవాడు చేసే పనేనా అది?

మొదట ఎగతాళి. ఇయ్యాల ఎవరి వంతు పెద్దమ్మా అని డ్రైవర్లు నవ్వేవాళ్లు. తర్వాత రావడమే మానేశారు. అది సినిమా అని తెలియక కాదు, తెలిసీ, ఆ విషం కూడు గుర్తొచ్చి ముద్ద దిగలేదట. క్రిస్మస్‌కు చర్చి భోజనాలు ఏటా ఆవిడే వండేది. ఆ ఏడు సంఘపెద్దలు, నీకు వయసైంది, కూర్చోమ్మా అని ఆ పని వేరేవాళ్లకు అప్పజెప్పారు. ఆ పెద్దమనుషులే మొన్న కళ్లు తుడుచుకుంటూ పెట్టె మోశారు.

పొయ్యి ఆర్పడానికి ఆవిడకు మనసొప్పలేదు. ఎవరొచ్చినా వాళ్ల ఎదుటే ప్రతి గిన్నెలోంచీ కాస్త తీసి, తను ఒక ముద్ద తిని, తర్వాత వడ్డించడం మొదలుపెట్టింది. అప్పుడు కొందరు తిరిగొచ్చారు. సిగ్గులేని జనం, కళ్లారా చూసి మరీ తిన్నారు.

ఇవన్నీ తెలిసి, మొహం చెల్లక చాలాకాలం నేను వెళ్లలేదు. చివరికి పోయిన ఎండాకాలం వెళ్లాను. ఆవిడ రా బిడ్డా అని కూర్చోబెట్టింది. తిడితే బాగుండేది. కంచం పెట్టి, కాస్త పప్పన్నం తన అరచేతిలోకి తీసుకుని నా ఎదుట నిలబడింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"నాకెందుకు పెద్దమ్మా?"

"అందరికి తింటున్న గదరా. నువ్వేమన్న వేరేనా?"

చెయ్యి విడిపించుకుని ముద్ద నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలి మింగింది. నేను చూశానో లేదోనని నా కళ్లలోకి చూసి, అప్పుడు గరిటె అందుకుంది.