సర్కారు టైముకు లేచిన మేక

బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నమ్మకపోతే మేడ్చల్ వచ్చి రైలు గేటు దగ్గర ఎవరినైనా అడగండి. అందరికీ చెప్పింది నేనే కాబట్టి అందరూ ఒకే మాట చెబుతారు.

యుద్ధం రోజులు. ఆ గేటు కాసేవాణ్ని నేనే. పక్కన ఒక్క గది, అందులో నేనూ నా భార్యా. పొద్దున ఆరింటి బండికి గేటు వేసి జెండా పట్టుకుని నిలబడాలి. తెల్లవారే వెలుగు కళ్ల మీద పడగానే మెలకువ వచ్చేది, ఒక బీడీ తాగేంత తీరిక కూడా ఉండేది. అలాంటిది ఒకనాడు స్టేషన్ మాస్టరు పిలిచి, యుద్ధం కోసమని సర్కారు గడియారాలన్నీ గంట ముందుకు తిప్పించిందని చెప్పాడు.

"సూర్యునికి గూడ చెప్పిన్రా సాబ్?"

"నీకు జెప్తున్న గద, సాలు. జల్దీ లెవ్వు."

మర్నాడు నేను లేవలేదు. శామీర్‌పేట నుంచి వచ్చే వడ్ల బండి పట్టాల మీద ఉండగానే రైలు కూత పెట్టింది. ఎద్దులు బెదిరి ఒక్క ఉదుటున ఇవతలికి దూకాయి కాబట్టి సరిపోయింది. బండివాడు వచ్చి నా తలుపు తన్నాడు.

"ఏందన్నా, మమ్ముల సంపుతవా?"

స్టేషన్ మాస్టరు అసలు అరవలేదు. అందుకే భయం వేసింది. "ఇంకోపారి గేటు తెరిసుంటే నౌకరీ పోతది. గది గూడ ఖాళీ జెయ్యాలె" అన్నాడు. మాకు గుంటెడు భూమి లేదు. ఆ గది పోతే చెట్టు కిందే.

చెబితే వినడానికి ఒళ్లు నౌకరు కాదు కదా. పెందలాడే పడుకుంటే నిద్ర పట్టేది కాదు. పట్టాక వదిలేది కాదు. కళ్లలో ఇసుక పోసినట్టుండేది. అన్నం వేళకు ఆకలి ఉండదు, ఆకలేసే వేళకు గూడ్సు వస్తుంది. ఆదివారం గుళ్లో ప్రార్థనకు నాకంటే భక్తిగా కళ్లు మూసేవాడు లేడు, ఆమెన్ అన్నాక తెరవడమే నా వల్ల అయ్యేది కాదు.

అప్పుడు మా మేక నన్ను కాపాడింది. దానికి ఎనిమిది రోజుల్లో సర్కారు టైము వంటబట్టింది. చీకట్లోనే వచ్చి నా దుప్పటి లాగేది, లేవకపోతే నడుములో పొడిచేది. గేటు దాకా తరిమేది. రైలు పది నిమిషాలు ఆలస్యమైతే అలిగి పట్టాలకు వీపు తిప్పి నిలబడేది.

ఒకనాడు పొద్దున్నే చెప్పాపెట్టకుండా, పట్టాల మీద తోసుకొచ్చే ట్రాలీ మీద రైల్వే పెద్ద సాబు దిగాడు. గేటు వేసి ఉంది. నేను జెండా పట్టుకుని నిలబడి ఉన్నాను. నా నిద్ర సంగతి ఆయన దాకా పోయినట్టుంది.

"నిద్రమొకం, నువ్వు టైముకు లేస్తున్నవా? ఎవరు లేపిన్రు?"

"మేక, సాబ్."

ట్రాలీ ఊగేలా నవ్వాడు. నౌకరీ నిలబడింది.

ఇక ఒప్పుకోవాలి. మాకు మేక లేదు, ఎన్నడూ లేదు. చీకట్లో లేచి గేటు వేసింది నా భార్య. వేశాక నన్ను గుంజి నిలబెట్టి చేతిలో జెండా పెట్టేది. నేను బొత్తిగా లేవని రోజుల్లో నా కోటు తొడుక్కుని తానే నిలబడేది. ఆ తర్వాత నాట్లకు పోయేది. పొద్దుగూకి వచ్చి, అన్నం కలిపిన చెయ్యి కంచంలో ఉండగానే నిద్రపోయేది. నౌకరీ ఒకరిది, గేటు వేసేది ఇంకొకరని తెలిస్తే అదే రోజు మమ్మల్ని వెళ్లగొట్టేవారు. అందుకే సాబు అడిగినప్పుడు నోటికి మేక వచ్చింది. తర్వాత జనం మళ్లీ మళ్లీ అడిగారు, నేను దానికి కొమ్ములు పెంచుకుంటూ పోయాను.

మూడేళ్లకు గడియారాలు వెనక్కి తిప్పారు. ఆమెకు మాత్రం ఇప్పటికీ ఆ చీకటివేళకే మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. మొన్న గేటు దగ్గర నలుగురికి మేక కథ చెప్పి నవ్వించి లోపలికి వచ్చాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నట్టుంది.

"ఒక్కనాడన్న గా మేకను పండుకోమన్నవా?" అంది.

అనలేదు. ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా అనలేదు.