తాబేలు కోసం కోసిన వల

శ్రీకాకుళం బస్సుకి ఇంకా సమయం ఉందని కళింగపట్నం ఒడ్డున తిరుగుతున్నాను. ఒక చిరిగిన వల చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుని కుడుతున్నారు. ఎవరిదని అడిగాను.

"మా మరిదిది. నిన్న వేటలో తాబేలు సిక్కుకుంటే వల కోసీసి ఒదిలేసినాడు," అంది వాళ్లలో పెద్దావిడ.

"మరి మీరంతా కుడుతున్నారేం?"

"తాబేలు కోసం కోసిన వలని అందరూ కలిసి కుట్టాల. అది మా ఊరి కట్టుబాటు. నష్టం ఆడొక్కడి మీదే పడితే, రేపు ఇంకో తాబేలుని ఎలాగ ఒదుల్తాడు బాబూ?"

తాబేళ్లను కాపాడమని జాలర్లకు చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. కోసిన వల ఎవరు కుడతారని అడిగినవాళ్లను మాత్రం చూడలేదు.

"సూస్తూ నిల్సున్నావేటి? ఈ కొస పట్టుకో," అందావిడ.

నా బస్సు వెళ్లిపోయింది. నేను కొస వదల్లేదు.